సాక్షి సీసా

ఆ డబ్బాకి మూత సరిగ్గా పడదు. పడినట్టే ఉంటుంది, సంచిలో వేసుకుని నాలుగడుగులు నడిస్తే ఒక పక్క లేస్తుంది. రబ్బరు బ్యాండు చుట్టాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. అనుకోవడం వరకే. ఇప్పుడా డబ్బాని ఆఫీసు వాళ్ళు గుడ్డలో కట్టి, లక్క సీలు వేసి, బీరువాలో పెట్టారు. ఇప్పుడు మాత్రం మూత లేవదు.

అందులో ఉన్నది రాగితోక పొడి. రాగితోక అంటే చేయి పొడవు చేప, తోక కొత్తగా తోమిన రాగి చెంబులా మెరిసేది. చలికాలం వస్తే మందలు మందలుగా మా రేవుకి వచ్చేది. ఆరేళ్ళ క్రితం రావడం మానేసింది. ఎందుకు మానేసిందని ఎవరిని అడిగినా పక్కవాడి వైపు వేలు చూపిస్తారు. చేపల ఆఫీసు దాని వేటని నిషేధించింది. లేని చేపని పట్టొద్దనడం బట్టతలవాడికి దువ్వెన వద్దన్నట్టుందని రేవంతా నవ్వుకుంది.

మా ఆయన పడవ మీద కొత్తగా చేరిన ఏడు, అదే ఆఖరి ఏడు, తన వాటాకి వచ్చిన ఒక చేపని వాళ్ళమ్మ చేతిలో పెట్టాడట. మా అత్త దాన్ని వండలేదు. ఉప్పు పట్టించి, పొగలో కర్రలా ఎండబెట్టి, పాత చీరముక్కలో చుట్టి పెట్టె అడుగున దాచింది. నేను కాపురానికి వచ్చినప్పుడు కూడా చూపించింది గానీ పెట్టలేదు. నా కూతురికి ఏడాది దాటినా కాళ్ళు నిలవకపోతే అప్పుడు విప్పింది. దంచి, జల్లించి, డబ్బాలో పోసి ఇచ్చింది. ఎలుకల భయానికి దాన్ని ఎప్పుడూ నా సంచిలోనే ఉంచేదాన్ని.

"రోజూ జావలో చిటికెడు వెయ్యి. చిటికెడంటే చిటికెడే. నీది అసలే దుబారా చెయ్యి," అంది.

నేను చేపల ఆఫీసులో చేసే పని చెప్తాను. చదువు ఎనిమిదో తరగతి మధ్యలో ఆగిపోయింది, అయినా ఆ పని దొరికింది, ఎందుకంటే పడవలో వాంతి చేసుకోకుండా రోజంతా కూర్చోగలిగే ఆడమనిషి కావాలన్నారు. పదిహేను రోజులకోసారి ఆఫీసు పడవలో వెళ్ళాలి. పడవ నడిపేది డ్రైవరు తాత. ఒడ్డు నుంచి సముద్రంలో మునిగి ఉన్న గట్టు దాకా వెళ్ళి, మళ్ళీ వేరే దారిలో వెనక్కి వచ్చేలోపు పన్నెండు గుర్తులు. ఒక్కో గుర్తు దగ్గర ఒక సీసా సముద్రం నీళ్ళు పట్టాలి. చేతిపంపుతో ఆ నీళ్ళని బిళ్ళంత ఫిల్టర్ కాగితం గుండా లాగాలి. ఆ కాగితం మడిచి, ట్యూబులో పెట్టి, నంబరు రాసి, ఐస్ పెట్టెలో వెయ్యాలి.

మొదటి రోజు డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఆవిడ మనుషుల డాక్టరు కాదు, ఆఫీసు లాబ్‌లో పెద్ద. "చేప ఈదుకుంటూ పోతుంటే ఒంటి జిగురు, పొలుసు ముక్క, ఏదో ఒకటి నీళ్ళలో రాలుతుంది. అందులో దాని డీఎన్ఏ ఉంటుంది. చేప వెళ్ళిపోయినా ఒకటి రెండు రోజులు నీళ్ళలో మిగులుతుంది. మనం చేపని పట్టక్కర్లేదు అమ్మాయ్. అది ఉండి వెళ్ళిన నీళ్ళు పడితే చాలు, ఏ చేపో మిషను చెప్తుంది."

మా ఆయన చొక్కా కొక్కేనికి వేలాడుతుంటే గదిలోకి రాగానే ఆయన ఇంట్లో ఉన్నట్టే అనిపిస్తుంది నాకు. అలాంటిదే అనుకున్నాను.

పన్నెండు సీసాలు కాక పదమూడోది ఇంకొకటి ఉండేది. అది మాత్రం లాబ్ నుంచే నిండుగా సీలు వేసి ఇచ్చేవారు. ఏ ప్రాణి తాలూకు నలుసూ లేని నీళ్ళు. దాన్ని పడవలో, సముద్రం మధ్యలో, అవే చేతులతో, అదే పంపుతో, మిగతా సీసాల్లాగే లాగాలి. శుభ్రమైన నీళ్ళని తీసుకెళ్ళి మళ్ళీ వడకట్టడం ఏమిటని అడిగాను.

"అది సాక్షి సీసా," అంది డాక్టరమ్మ. "అందులో చేప కనిపించిందనుకో, అది సముద్రంలోది కాదు, మన చేతుల్లోంచి వచ్చిందని అర్థం. సముద్రం మీద మనం చెప్పే మాటకి అదొక్కటే సాక్షి."

నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఆ వారం మా వీధి కుళాయిలో ఎర్రనీళ్ళు వచ్చాయి. పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. క్లినిక్కులో నర్సు ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చి, "నీళ్ళు మంచివి వాడు. మంచివంటే ఈ ఎర్రనీళ్ళు కాచినవి కాదు, మంచివి," అని గట్టిగా అంది. మూడో రోజుకి పాప కళ్ళు లోపలికి పోయాయి. ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. మర్నాడు పడవ ఉంది కాబట్టి ఆ సాయంత్రం సామాను సర్దుతుంటే సాక్షి సీసా కనబడింది. లోకంలో ఇంతకన్నా మంచి నీళ్ళు ఎక్కడుంటాయి? సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. కొంచెం కొంచెం గ్లాసులో వంచి, ఓఆర్ఎస్ కలిపి, రాత్రంతా చెంచాతో పట్టాను. తెల్లారేసరికి పాప ఒకసారి ఏడ్చింది, కన్నీళ్ళతో. నాకు ఇంకేం కావాలి?

సీసా అడుగున గ్లాసెడు నీళ్ళు మిగిలాయి. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి, చేతులు సబ్బుతో కడుక్కుని, పెట్టెలోంచి కొత్త గ్లౌజులు తీసి వేసుకుని, ఆ గ్లాసెడు నీళ్ళని అక్కడే సింకు పక్కన నిలబడి కాగితంలోంచి లాగేశాను. మడిచి ట్యూబులో పెట్టి 'సాక్షి' అని రాశాను. తర్వాత పడవెక్కాను.

ఎనిమిదో గుర్తు దాటాక అల పెద్దదైంది. తొమ్మిదోది గట్టు మీద ఉంటుంది, అన్నిటికన్నా దూరం. అక్కడ నా గ్లౌజు బొటనవేలి దగ్గర చిరిగింది. ఆఫీసు పెట్టె ఎక్కడో తాళ్ళ కింద ఇరుక్కుంది. నా సంచిలో ఒక జత ఉంది. పాప బట్టలు ఉతకడానికని అప్పుడప్పుడు ఒక జత ఇంటికి తీసుకెళ్ళేదాన్ని, దొంగతనమంటే దొంగతనమే. అదే తీసి వేసుకున్నాను. ఒక్కో గుర్తుకి ఒక్కో జత మార్చాలన్నది రూలు. కానీ పడవ ఊగుతుంటే, మనసంతా ఇంట్లో ఉంటే, అదే జతతో పది, పదకొండు, పన్నెండు కూడా పట్టేశాను.

"ఏమ్మా, నీ మొహం చూస్తే సముద్రమే నయంలా ఉంది," అన్నాడు డ్రైవరు తాత.

"పాపకి బాగాలేదు తాతా."

"పాపకి బాగుంటే మొగుడికి బాగాలేదంటావు. మొగుడికి బాగుంటే మబ్బుకి బాగాలేదంటావు. పట్టమ్మా, పట్టు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. రేవులో నా పేరు సైరన్. పాప పుట్టిన నలభయ్యో రోజున ఒళ్ళు కాలిపోతుంటే నేను వైర్‌లెస్ గదికి పరిగెత్తి, మా ఆయన పడవని వెనక్కి పిలవమని వైర్‌లెస్ బాబాయ్ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒక్కడి కోసం ఆరుగురున్న పడవ తిరగదని ఆయనకి తెలుసు. జాలిపడి, "ఆఫీసు ఆర్డరు, వెంటనే రండి," అని అబద్ధం చెప్పాడు. వల సగంలో లాక్కుని వచ్చారు. వచ్చేసరికి జ్వరం దిగి పాప నవ్వుతోంది. ఇంకోసారి నల్లమబ్బు చూసి పిలిపించాను. ఆ మబ్బు చినుకు రాల్చకుండా పోయింది. అప్పట్నుంచి నేను రేవులో నడుస్తుంటే పడవల వాళ్ళు నోటితో కూత పెడతారు. మా ఆయన కూడా వాళ్ళతో కలిసి పెడతాడు.

పదహారు రోజుల తర్వాత డాక్టరమ్మ లాబ్ తలుపు తోసుకుని బయటికి వచ్చి, నన్ను రెండు చేతులా పట్టుకుంది. ఆవిడ ఎవరినీ ముట్టుకోగా నేను చూడలేదు.

"రాగితోక! తొమ్మిదో గుర్తులో బలంగా ఉంది. పదిలో తక్కువ, పదకొండులో ఇంకా తక్కువ, పన్నెండులో కొంచెం. గట్టు మీద మంద ఉంది, ఒడ్డు వైపు కదులుతోంది. సాక్షి సీసా కడిగిన అద్దంలా ఉంది. ఆరేళ్ళు, అమ్మాయ్!"

ఆవిడ కళ్ళలో నీళ్ళు. నేనూ ఏడ్చాను, సంతోషంతోనే. సాక్షి సీసా సంగతి ముల్లులా గుచ్చింది గానీ, చేప దొరికిందిగా, ఇంక ఎవరడుగుతారనుకున్నాను.

ఆఫీసులో మీటింగుల మీద మీటింగులు జరిగాయి. చివరికి అయిదు పడవలకి, పది రోజులకి, గట్టు మీద వేటకి అనుమతి ఇచ్చారు. ప్రయోగానికట: కొన్ని పట్టి కొలతలు తీసుకోవాలి, కొన్నిటికి చీటీ కట్టి వదలాలి, మిగతావి అమ్ముకోవచ్చు. రేవులో చీట్లు వేశారు. మూడో చీటీ మా ఆయన పడవది. ఆయన ఆ పడవకి ఇంజను మనిషి. ఏడాదిగా సగం రోజులు ఐసు బండి లాగుతున్నవాడు, ఆ రోజు పాపని భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిరిగాడు.

డ్రైవరు తాత ఒక్కడే ముఖం ముడిచాడు. "ఈ నెలలో గట్టు మీద గాలి ఎప్పుడు ఎటు కొడుతుందో దానికే తెలీదు. నా చిన్నప్పుడు కూడా ఈ నెలలో పోయేవాళ్ళం కాదు. చేప పిలిస్తే పోయేవాళ్ళం, అంతే."

"పిలిచింది కదా తాతా," అన్నాడు మా ఆయన.

పడవలు బయల్దేరడానికి ముందురోజు పొద్దున్న నేను పాపకి జావ కలపడానికి సంచిలోంచి డబ్బా తీశాను. మూత లేచి ఉంది. సంచి అడుగున, గుడ్డ మడతల్లో, ఎర్రటి పొడి. దులిపి, అలవాటుగా వేళ్ళు పమిటకి తుడుచుకున్నాను. తుడుచుకున్న చోట ఎర్రటి గీత పడింది. మళ్ళీ తుడిచాను. ఇంకొంచెం పల్చటి గీత. మళ్ళీ. ఇంకా పల్చన.

తొమ్మిదిలో బలంగా. పదిలో తక్కువ. పదకొండులో ఇంకా తక్కువ. పన్నెండులో కొంచెం.

అది ఒడ్డు వైపు కదిలిన మంద కాదు. నా చేతులు పోయిన దారి.

జావ మాడిన వాసన వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఆ రోజు సంచిలో గ్లౌజులు ఈ డబ్బా పక్కనే ఉన్నాయి. సాక్షి సీసాని సముద్రంలో ఆ చేతులతోనే లాగి ఉంటే దాంట్లోనూ రాగితోక కనబడేది. డాక్టరమ్మ ఒక్క చూపులో పట్టేసేది.

మా ఆయన పడవకి సామాను చేరేసి మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. చెప్పాను. ముందు సంచి చూపించాను. ఆయన నవ్వాడు.

"మోగింది! నేననుకుంటూనే ఉన్నా, ఇంకా సైరన్ మోగలేదేమిటా అని."

"నవ్వకు. నిజం. అక్కడ చేప లేదు."

"సాక్షి సీసాలో ఏమీ లేదని మీ డాక్టరమ్మే చెప్పింది కదా. రేవంతా విన్నాం."

చివరికి అనేశాను. "ఆ సీసా నీళ్ళు పాపకి పట్టాను."

నవ్వు ఆగింది. అన్నం కలుపుతున్న చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. పాప ఆయన మోకాలు పట్టుకుని లేవబోయి కూలబడింది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు." కంచం పక్కకి జరిపాడు. "నీ చేతికి పొడి అంటింది, సరే. అంతమాత్రాన నీళ్ళలో లేదని ఎవరు చెప్పారు? పొడీ ఉండొచ్చు, చేపా ఉండొచ్చు. ఆరేళ్ళకి ఒక్క మంచి మాట వచ్చిందే. దాన్ని కూడా నువ్వే చంపుతావా? చెప్తే నీ పనీ పోతుంది, మా వేటా పోతుంది. పది రోజులు. ఉంటే తెస్తాం, లేకపోతే ఖాళీగా వస్తాం. ఖాళీగా రావడం మాకు కొత్తా?"

"గాలి?"

"గాలి నీ కోసం పుట్టిందే. నువ్వు భయపడకపోతే దానికి తోచదు."

మా అత్త గుమ్మంలో కూర్చుని అంతా విన్నది. "వెళ్ళేవాడికి ఎదురు మాట చెప్పకు పిల్లా," అంది, అంతే.

నేను చెప్పలేదు. తెల్లవారి అయిదు పడవలూ వెళ్ళాయి. ఒడ్డున జనం చేతులూపారు. మా ఆయన ఇంజను గదిలోంచి తల బయటపెట్టి, నన్ను చూసి, నోటితో సైరన్ కూత పెట్టాడు. అందరూ నవ్వారు.

రెండు రోజులు నోరు కట్టుకుని పనికి వెళ్ళాను. మూడోరోజు డాక్టరమ్మ బల్ల మీద గాలి హెచ్చరిక కాగితం చూశాను. రెండు రోజుల్లో గట్టు వైపు పెద్ద గాలి. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి మొత్తం చెప్పేశాను, పాప కన్నీళ్ళ దగ్గర్నుంచి.

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ వెనక్కి జరిపి, ఫోను తీసి డైరెక్టరుకి చేసింది. నాకు ఒకవైపు మాటలే వినబడ్డాయి. "అవును సార్... నా తప్పే సార్, నేను చూసుకోవాల్సింది... పడవల్ని ఇప్పుడే పిలవండి, రుజువు తర్వాత..." ఫోను పెట్టేసి, "గాలికి ఇంకా టైముందట, రుజువు లేకుండా ఆర్డరు ఇవ్వరట. పేపర్లలో వచ్చేసింది కదా," అంది.

ఆ సాయంత్రం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఆవిడ లాబ్‌లోంచి బయటికి రాలేదు. వచ్చినప్పుడు చేతిలో ఒక కాగితం ఉంది. "గట్టు మీద మంద ఉంటే ఒక్కో చేపకీ కొంచెం కొంచెం తేడా కనబడాలి, మనుషుల్లో ఉన్నట్టే. నాలుగు ట్యూబుల్లోనూ తేడా లేదు. అన్నిట్లో ఒకే చేప. డబ్బాలో ఉన్నదే." ఆ కాగితాన్ని నా చేతికి ఇవ్వబోయి, ఎందుకనో ఇవ్వలేదు. "ఆర్డరు ఇచ్చారు. వైర్‌లెస్ గదికి వెళ్ళింది."

నేనూ పరిగెత్తాను. పిలిచే పని వైర్‌లెస్ బాబాయ్‌ది. నేను అక్కడికి వెళ్ళక్కర్లేదు.

గది చిన్నది. ఒక బల్ల, రెండు సెట్లు, గోడకి సముద్రం పటం, కిటికీలో ఎండిపోయిన టీ గ్లాసులు. బాబాయ్ ఒక్కో పడవనీ పిలుస్తున్నాడు. "పరీక్ష తప్పట. గట్టు మీద చేప లేదు. గాలి కూడా వస్తోంది. ఆఫీసు ఆర్డరు, తిరిగి రండి."

మొదటి నాలుగు పడవలూ తిట్టుకుంటూ ఒప్పుకున్నాయి. "ఆ పరీక్ష చేసినవాళ్ళని ఒకసారి మా పడవెక్కించండి బాబాయ్, మేమూ నీళ్ళలో ముంచి పరీక్ష చేస్తాం," అన్నాడొకడు. అయిదోది మా ఆయన పడవ. దాన్ని నడిపే సరంగు గొంతు గరగరమంటూ వచ్చింది.

"నాలుగు రోజుల్నుంచి వల దించుతున్నాం, ఎత్తుతున్నాం. పొలుసు కూడా లేదు. సరేలే బాబాయ్. ఉన్న వల లాక్కుని తిరుగుతాం. రెండు గంటలు."

తిరుగుతామన్నాడు. ఆ మాట అన్నాడు. నేను అప్పుడు వెనక్కి తిరిగి ఇంటికి పోయి ఉంటే సరిపోయేది. కానీ రెండు గంటలన్న మాట నా చెవిలో రెండు రోజుల్లా పడింది. "బాబాయ్, ఒక్కసారి ఇవ్వు, ఆయనతో ఒక్క మాట," అని చెయ్యి చాపాను. ఆయన నా మొహం చూశాడు. వద్దన్నట్టు తలూపుతూనే మైకు ఇచ్చాడు. జాలిగుండె. మొదటిసారి అబద్ధం చెప్పించింది కూడా ఆ గుండే.

"ఏమయ్యా, వచ్చెయ్యి. రెండు గంటలు వద్దు, ఇప్పుడే తిరగండి. వల కోసేసి రండి. నీకు దండం పెడతాను..." ఏడుపొచ్చింది.

అవతల కాసేపు గరగర. తర్వాత నవ్వు. ఒకడిది కాదు, నలుగురైదుగురిది.

"ఓహో! సైరనా!" అన్నాడు సరంగు. "అదీ సంగతి! బాబాయ్, ఈవిడ జట్టులో మళ్ళీ చేరావా?"

బాబాయ్ మైకు లాక్కున్నాడు. "ఒరే, నా మాట విను. ఇది నిజంగా ఆర్డరు. కాగితం నా చేతిలో ఉంది."

"అప్పుడు కూడా ఆర్డరే అన్నావు. వల సగంలో లాక్కుని వస్తే ఆర్డరు ఉయ్యాల్లో నవ్వుతోంది."

"అది వేరు, ఇది వేరు. మిగతా నలుగురూ తిరిగారు, అడుగు."

"తిరగనీ. గట్టు మొత్తం మాకే."

అప్పుడు మా ఆయన గొంతు వినిపించింది. ఇంజను చప్పుడు మీద అరుస్తున్నాడు, కానీ కోపం లేదు. "ఇంటికెళ్ళి పాపకి జావ పెట్టు. ఇంకా ఆరు రోజులుంది. ఒక్కటైనా పట్టుకునే వస్తా. ఆ డబ్బా పారెయ్యి, అమ్మకి కొత్తది ఎండబెట్టుకోమని చెప్పు."

టక్కుమని చప్పుడైంది. సెట్టు ఆపేశారు. బాబాయ్ చీకటి పడేదాకా పిలుస్తూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున్న కూడా పిలిచాడు. మధ్యాహ్నానికి రేవులో రేకులు లేచిపోయే గాలి మొదలైంది.

నాలుగు పడవలూ ఆ ముందే ఒడ్డు చేరాయి. గాలి మూడు రోజులు కొట్టింది. తగ్గాక వెతకడానికి వెళ్ళినవాళ్ళు ఐసు గది తలుపొకటి తెచ్చారు, నీలం రంగుది. దాని లోపలివైపు పాప పుట్టిన తేదీ మేకుతో గీసి ఉంది. ఇంకేమీ దొరకలేదు. ఆరుగురు.

ఆ తర్వాత రేవులో నేను నడిస్తే ఎవరూ కూత పెట్టలేదు. పక్కకి తప్పుకునేవారు. సరంగు భార్య ఒక్కతే ఎదురొచ్చి, నా మొహంలోకి చూసి, "నువ్వు నోరు మూసుకుని ఉంటే వచ్చేవాళ్ళంట కదా?" అని అడిగింది. తిట్టు కాదది, తెలుసుకోవడానికే అడిగింది. అవునన్నాను.

మా అత్త నన్ను ఏమీ అనలేదు. నెల తర్వాత ఒకరోజు, "ఆ డబ్బా ఎప్పుడిస్తారట?" అంది.

"ఇవ్వరు అత్తా. కేసు తేలేదాకా వాళ్ళ దగ్గరే ఉంటుందట."

"వాడు తెచ్చిన చేప అది. ఇంకా నాలుగు చిటికెలుంటుంది," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

నా పని తీసేశారు. తీసేసే ముందు, రిపోర్టు కోసమని, ఒకసారి మళ్ళీ అదే దారిలో వెళ్ళి నీళ్ళు పట్టాలన్నారు. ఎక్కడ ఏ చేత్తో ఏం చేశానో చూపించాలి. డాక్టరమ్మ కూడా పడవెక్కింది. డ్రైవరు తాత నాతో మాట్లాడలేదు గానీ, ఎక్కేటప్పుడు చెయ్యి అందించాడు.

గట్టు మీద సముద్రం పళ్ళెంలో నూనెలా ఉంది. తొమ్మిదో సీసా పట్టాను. ప్రతి గుర్తుకీ కొత్త జత గ్లౌజులు, ఈసారి. సాక్షి సీసా సీలు డాక్టరమ్మ కళ్ళ ముందే విప్పి, అక్కడే, అదే పంపుతో లాగాను. కాగితం మడిచి ట్యూబులో పెట్టాక అడిగాను.

"మేడమ్, ఈ నీళ్ళలో మనిషి ఉంటే మిషను చెప్తుందా?"

ఆవిడ నంబరు రాయడం పూర్తి చేసింది.

"చెప్తుంది," అంది. "కానీ నెల దాటింది, అమ్మాయ్. నీళ్ళలో అన్నాళ్ళు నిలవదు."

"అయినా చూడండి."

కాగితం వచ్చిన రోజున నన్ను పిలిపించింది. ఇలాంటి కాగితాలు బయటివాళ్ళకి చూపించరు. ఆవిడ చూపించింది. ఎడమవైపు చేపల పేర్లు, పైన సీసాల నంబర్లు. రాగితోక వరుసలో అన్నీ సున్నాలే. పాప చంకలో ఉంది, కాగితం లాక్కోబోతోంది. నేను వేలితో కిందికి వెళ్ళాను. అట్టడుగున, ఎప్పుడూ కొట్టేసి పంపే వరుస ఒకటుంది. ఈసారి ఆవిడ కొట్టెయ్యలేదు. మనిషి.

తొమ్మిది కింద టిక్కు ఉంది.

పాపని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. వేలు పక్కకి జరిపాను. పదిలోనూ ఉంది. ఒకటిలోనూ ఉంది, రెండులోనూ ఉంది. డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. చెప్పక్కర్లేదు, ఆ కాగితం ఎలా చదవాలో నాకు ఆవిడే నేర్పింది.

చివరి గడి దాకా వెళ్ళాను. సాక్షి సీసాలో కూడా ఉంది.

అంటే అది నాదే.